తుక్కులో అమ్మ వాషింగ్ మెషీన్

శ్రీశైలం దారిలో పహాడీషరీఫ్ దాటితే తుక్కుగూడ. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. తర్వాత ఔటర్ రింగు రోడ్డూ వచ్చింది. కొత్త ఇళ్లు లేస్తున్నాయి, వాటిలోకి కొత్త సామాన్లు దిగుతున్నాయి. మరి పాతవో? పాత సామాన్ల కొట్లకు!

అక్కడ తుప్పుపట్టిన వాషింగ్ మెషీన్ కనిపిస్తే ఆగిపోతాం. చిన్నప్పుడు మనింట్లో ఉన్నది ఇదేనా? రంగు గుర్తుంటుంది, కంపెనీ పేరే గుర్తురాదు.

ముందు తొట్లు చూడండి. రెండుంటే సెమీ ఆటోమేటిక్... ఒకదాంట్లో ఉతకడం, పక్కదాంట్లో పిండడం. ఒకే తొట్టి ఉండి, పైన రబ్బరు రోలర్లు ఉంటే ఇంకా పాతకాలంది. 1995లో శామ్‌సంగ్, 1997లో ఎల్‌జీ మన దేశంలో అడుగుపెట్టాయి. మీ జ్ఞాపకం అంతకు ముందుదైతే వీడియోకాన్, బీపీఎల్, టీవీఎస్ వర్ల్‌పూల్‌లాంటి పేర్లు వెతకండి.

ఇక వెనక్కి తిప్పి చూడండి. చిన్న రేకు మీద మోడల్ నంబరు, వోల్టులు ఉంటాయి. మన కరెంటుది 50 హెర్ట్జ్. అక్కడ 60 అని మాత్రమే ఉంటే అది సౌదీ నుంచో, అమెరికా నుంచో వచ్చిన బాపతు కావచ్చు.

మోటారులోని రాగికి కొట్టువాళ్లు ధర కడతారు. ఆ రేకును ఎవరూ లెక్కచేయరు. సుత్తి దెబ్బ పడేలోపే ఫొటో తీసి అమ్మకు చూపించండి. బండ మీద బట్టలు బాదే పని తప్పిన రోజును ఆమె అంత తేలిగ్గా మరిచిపోదు.