మిగిలిన చూపును కాపాడుకోవడమూ షుక్రే

కంటి ముందుభాగాన గడియారపు అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొరను అరబీలో ‘ఖర్నియా’ అంటారు. ‘ఖర్న్’ అంటే కొమ్ము. పలచగా చెక్కిన తేట కొమ్మును పోలి ఉన్నందున పూర్వపు హకీములు దానికి ఆ పేరు పెట్టారు. వెయ్యేళ్ల క్రితం ఇబ్నుల్ హైసమ్ తన ‘కితాబుల్ మనాజిర్’లో కంటి పొరలను వర్ణించినప్పుడు వాడినదీ ఈ పేరే. నేటి వైద్యులు వాడే ‘కార్నియా’ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి కూడా కొమ్మనే అర్థం. దాని మందం మధ్యభాగంలో సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. అంత సన్నని పొర ఆకారం చెడితే చాలు, మనిషికి లోకమంతా వంకరగా కనబడుతుంది.

కొందరు పిల్లల్లో, ముఖ్యంగా యుక్తవయసులో అడుగుపెట్టే వేళ, ఈ పొర క్రమంగా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకు వస్తుంది. ఈ వ్యాధిని కెరటోకోనస్ అంటారు. మొదట్లో నొప్పి ఉండదు కనుక ఇంట్లోవారికి అనుమానం రాదు. కళ్లద్దాల నంబరు మాత్రం తరచూ మారుతుంటుంది. కొత్త అద్దాలు పెట్టుకున్నా అక్షరాలకు నీడ పడినట్లు ఉంటుంది. రాత్రిపూట దీపం చుట్టూ వెలుగు గీతలుగా సాగుతుంది. అలర్జీతో కళ్లు దురద పెట్టి, వాటిని గట్టిగా నలుపుకునే పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఒకే కుటుంబంలో ఒకరికి మించి రావడమూ కద్దు.

మా మద్రసాలో హిఫ్జ్ చేస్తున్న 15 ఏళ్ల విద్యార్థికి ఈ వ్యాధి ముదురుతోందని వైద్యులు చెప్పినప్పుడు, అతని తండ్రి మా దగ్గరకు వచ్చారు. ఆయన దర్జీ పని చేసుకుంటూ నలుగురు పిల్లలను పోషిస్తున్నవారు. “హజ్రత్, చికిత్స చేయించినా అబ్బాయికి కళ్లద్దాలు పోవట. పోయిన చూపు తిరిగి రాదట. ఏమీ మారని దానికి అప్పు చేయడం దేనికి? మీరు దువా చేయండి, అదే చాలు” అన్నారు. ఆ మాటను తేలికగా తీసివేయడానికి వీల్లేదు. చేతిలో డబ్బు లేని ఏ తండ్రి అయినా అడగదగిన ప్రశ్నే అది.

దానికి జవాబు ఆ చికిత్స చేసే విధానంలోనే ఉంది. కార్నియా బలమంతా కొల్లాజెన్ అనే సన్నని పోగుల అల్లికలో ఉంటుంది. ఈ వ్యాధిలో ఆ అల్లిక సడలిపోతుంది. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో 1990ల్లో పరిశోధకులు దీనికి ఒక ఉపాయం కనుగొన్నారు. రోగులపై దాని ఫలితాలను 2003లో ప్రకటించారు. మత్తు చుక్కలు వేసి, కార్నియా పైపొరను సుతారంగా తొలగించి, అరగంట సేపు రైబోఫ్లేవిన్, అనగా బి2 విటమిన్ చుక్కలు వేస్తారు. ఆపై మరో అరగంట సేపు అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేస్తారు. ఆ రెండూ కలిసి పోగుల మధ్య కొత్త బంధాలను ఏర్పరుస్తాయి, కార్నియా గట్టిపడుతుంది. దీనినే కార్నియల్ క్రాస్‌లింకింగ్ అంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో దీనికి ఆమోదం తెలిపింది.

మేము ఆ తండ్రికి ఆయన వృత్తి మాటల్లోనే చెప్పాము: “భాయ్ సాబ్, బట్ట చిరిగితే మీరు వెంటనే కుట్టు వేస్తారు. ఆ కుట్టుతో బట్ట కొత్తది కాదు. కాని చిరుగు సాగకుండా ఆగుతుంది. ఈ చికిత్సా అంతే. దువా మేమూ చేస్తాము, మీరూ చేయండి. అయితే వైద్యం చేయించుకోమని బోధించినవారు మన ప్రవక్తే (స) కదా!”

ఇక్కడ ఆలస్యం చాలా ప్రమాదకరం. పిల్లల్లో ఈ వ్యాధి పెద్దలకంటే వేగంగా ముదురుతుంది. సాధారణ పద్ధతిలో ఈ చికిత్స చేయాలంటే కార్నియా కనీసం 400 మైక్రాన్ల మందం ఉండాలి. అంతకంటే పలచబడితే వేరే పద్ధతులు వెదకవలసి వస్తుంది. మరీ ముదిరితే మరణించినవారి నుండి సేకరించిన కార్నియాను అమర్చడమే మార్గమవుతుంది. చికిత్స తరువాత కొద్దిరోజులు నొప్పి, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం ఉంటాయి. కొన్ని వారాలు చూపు మసకగా ఉండవచ్చు. అరుదుగా ఇన్‌ఫెక్షన్ సోకుతుంది, కొందరిలో వ్యాధి మళ్లీ కదులుతుంది. కనుక తరువాత కూడా పరీక్షలు మానరాదు. ఆ విద్యార్థికి రెండు కళ్లకూ చికిత్స జరిగి రెండేళ్లయింది. స్కానుల్లో కార్నియా నిలకడగా ఉంది. నేటికీ అతడు కళ్లద్దాలతోనే ముస్‌హఫ్ చదువుతున్నాడు, అల్‌హమ్దులిల్లాహ్.

ఆరాధనల విషయంలో తల్లిదండ్రులకు కలిగే సందేహాలకు కూడా సమాధానముంది. వుజూలో ముఖం కడగడం విధి, కంటి లోపల కడగడం విధి కాదు. కాబట్టి తడిచేతులతో కళ్లను గట్టిగా రుద్దే అలవాటును పిల్లల చేత మాన్పించాలి. కంటికి నీరు తగలరాదని వైద్యుడు చెప్పిన రోజుల్లో, హాని కలిగే భాగాన్ని తడిచేత్తో తుడుచుకోవడానికి, అదీ హానికరమైతే వదిలివేయడానికి షరీఅత్‌లో వెసులుబాటు ఉంది. కంట్లో మందు చుక్కలు వేసుకుంటే ఉపవాసం భంగం కాదని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు.

మరొక మాట. ఆడపిల్లకు ఈ వ్యాధి ఉందని తెలిస్తే సంబంధాలు రావేమోనని దాచిపెట్టే కుటుంబాలను మేము చూశాము. దాచినంత మాత్రాన కార్నియా పలచబడటం ఆగదు. నిఖా నాటికి ఆ బిడ్డ చూపు మరింత క్షీణిస్తుంది. అబ్బాయికి చేయించే వైద్యం అమ్మాయికీ చేయించాలి. ఖర్చు భరించలేనివారు జకాత్‌కు అర్హులైతే, వారికి అందే జకాత్‌తో ఒక బిడ్డ చూపు నిలుస్తుంది. మస్జిద్ పెద్దలు దీనిపై దృష్టి సారించాలి.

పోయినదాని కోసం సబర్ వహించడం విశ్వాసి లక్షణం. మిగిలినదానిని కాపాడుకోవడం షుక్ర్. కన్ను మన సొంతం కాదు, అల్లాహ్ మన వద్ద ఉంచిన అమానత్. మీ పిల్లల అద్దాల నంబరు ఏడాది తిరగకుండానే మారుతుంటే, పదే పదే కళ్లు నలుపుకుంటుంటే, అద్దాల దుకాణంతో సరిపెట్టుకోకండి. కంటి వైద్యుని వద్దకు తీసుకువెళ్లి కార్నియా స్కాన్ చేయించండి. మన బిడ్డల చూపును, ఆ చూపుతో వారు చదివే చదువును అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.