పూలకుండీలో ప్రయాణించిన సర్పము

వేదాంతగ్రంథములలో రజ్జుసర్పన్యాయము సుప్రసిద్ధము. మసకచీకటిలో త్రాడు పామువలె తోచును. దీపము రాగానే పాము పోవును, త్రాడు మిగులును. జహీరాబాదు ప్రాంతమున తొలకరి వానలు పడినపుడు దీనికి విపరీతమైన దృశ్యమొకటి గోచరించును. తులసికోట మొదటనో, దేవాలయపు పూలకుండీ క్రిందనో జానెడైనను లేని నల్లని సన్నని ప్రాణి మెలికలు తిరుగుచు బయటపడును. చూచినవారు వానపామనుకొందురు. దీపము తెచ్చి చూడగా పొలుసులు, చిన్న నాలుక కనబడును. అది నిజముగా పామే! ఇక్కడ వెలుగు భయమును పోగొట్టదు, పుట్టించును. మరుక్షణమున చీపురుకట్ట దానిపై పడును.

ఇది గ్రుడ్డిపాము. విషము లేదు, మనుష్యుని కరచుటకు తగిన నోరును లేదు. కన్నులు పొలుసుల క్రింద రెండు చుక్కలు మాత్రమే. వెలుగుచీకట్లను మించి అవి గ్రహింపవు. చీమల, చెదల గ్రుడ్లు, పిల్లపురుగులు దాని ఆహారము. శ్రావణశుద్ధ పంచమినాడు స్త్రీలు పాలు పోయు పుట్టలో నాగుబాము ఉండునో లేదో కాని, చెదలు కట్టిన ఆ పుట్ట ఈ అల్పజీవికి భోజనశాల. (పాలు ఏ పామునకును ఆహారము కాదని వేరుగా చెప్పవలెనా?) నాగప్రతిమకు పసుపు పూసిన చేతులే దీనిని కొట్టుటకు వెనుదీయవు. తైత్తిరీయసంహితలోని సర్పమంత్రములు భూమ్యంతరిక్షద్యులోకములందలి సర్పములకు నమస్కరించుచు, గుంటలలో శయనించువానిని సైతము విడువలేదు. పడగ యున్నవానికే నమస్కారమని అందెచ్చటను లేదు.

దీని చరిత్ర తెలుగువారు తెలిసికొనదగినది. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణమున ఉండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1796లో కోరమాండల్ తీరపు సర్పములపై గ్రంథము ప్రకటించెను. అందు దీని పేరును తాను విన్నట్లే వ్రాసికొనెను: రెండు తలల పాము. తలయు తోకయు ఒకే తీరున ఉండుటచే ఆ పేరు. (నేడు ఆ పేరు వేరొక పామునకు చెల్లుచున్నది, దురాశాపరులు దానిని పట్టి అమ్ముచున్న వైనము పత్రికాపాఠకులకు విదితమే.) 1803లో దోదాఁ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రస్సెల్ వర్ణన నాధారముగా గొని దీనికి 'బ్రామినస్' అని నామకరణము చేసెను.

నాటి విశాఖప్రాణి నేడు అంటార్కిటికా తప్ప ఖండములన్నింట నున్నది. నేలపై వసించు పాములలో ఇంతగా విస్తరించినది మరియొకటి లేదు. అది ప్రాకి పోలేదు, ఈది పోలేదు. పూలకుండీల మన్నులో ఓడలెక్కినది. ఆంగ్లమున దానిని పూలకుండీపాము అనుటకు ఇదియే హేతువు. ఇంతవరకు కనుగొన్నవన్నియు స్త్రీలే. మగతోడు లేకయే గ్రుడ్లు పెట్టును. కుండీలో ఒక్కటి చేరిన చాలు, ఆ ద్వీపమున వంశము నిలిచినట్లే.

పురుషుడు లేకయే ప్రకృతి ప్రసవించుచున్నదే, ఇక సాంఖ్యము ఏమగునని చమత్కరించువారు ఉందురు. సాంఖ్యుల పురుషుడు మగవాడు కాడు, ద్రష్ట. ఆ దర్శనమందలి పంగ్వంధన్యాయము మాత్రము ఇచట తలక్రిందులుగా అన్వయించును. అక్కడ గ్రుడ్డివాడు నడచును, వాని భుజముపై కుంటివాడు కూర్చుండి దారి చూపును. ఇక్కడ గ్రుడ్డిది కూర్చున్నది, కన్నులున్నవాడు మోసినాడు. ఏమి మోయుచున్నాడో చూడలేదు.

ప్రయాణములన్నియు ఇట్లు నిరపాయముగా ముగియవు. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట సైనికసామగ్రిలో దాగి గ్వామ్ ద్వీపమును చేరిన గోధుమవన్నె చెట్టుపాము, అచటి పన్నెండు అరణ్యపక్షిజాతులలో పదింటిని రూపుమాపినది. అమెరికా ప్రభుత్వము చచ్చిన ఎలుకలలో మందు కూర్చి, ఆకాశమునుండి ఆ అడవిపై జారవిడిచినది. ఆ మందు ఇంటింట జ్వరమునకు వాడు పారాసిటమాలే. తక్షకుడు ఇంద్రుని ఆశ్రయించినట్లు ఆ పాములు విమానములలో దాగకుండుటకు కుక్కలచే వెదకింతురు. జనమేజయుని యాగము స్ఫురింపక మానదు. కాని భేదము కలదు. జనమేజయుడు ఒక్కని అపరాధమునకు సర్పజాతినంతను అగ్నిలో వ్రేల్చబూనెను. గ్వామ్‌లో దండన ఆ ఒక్క జాతికే. ఆ పక్షుల నాశమును కన్నులార చూచినవారిని హింసకులని నిందించుట న్యాయము కాదు. అయినను ఆ పామును స్వతంత్రకర్త యనుట అంతకంటె అన్యాయము. పెట్టెను మూసినవాడు కర్త. ఫలము పక్షులకును పాముకును సంక్రమించినది. అదే ద్వీపమున గ్రుడ్డిపామును ఉన్నది. దానిపై ఎవ్వరును యాగము తలపెట్టలేదు.

జహీరాబాదు ఎఱ్ఱమన్నులో ఇది పరదేశి కాదు. కుండీ మార్చునపుడు కనబడినచో, విస్తరాకుముక్కపై ఎక్కించి పుట్టదాపున విడిచిన చాలును. దూరదేశములకు మొక్కలు పంపువారు మాత్రము వేళ్ళ మన్నును పూర్తిగా కడిగి పంపవలెను.