డబ్బాలో పప్పు

నిన్న మనామాలో రాత్రి 9 అయింది. అంటే జగిత్యాలలో 11:30. మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. పొద్దున్నే ల్యాబ్ రికార్డు ఇవ్వాలట. ఆక్టేవ్‌లో 'బటర్' అనే ఫంక్షన్ నడవట్లేదు.

"సిగ్నల్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసిన అక్కా. ఇన్‌స్టాల్ అయింది, లోడ్ కాలేదు అంటున్నది. రెండు ఒక్కటే గదా?"

జవాబు నాకు తెలుసు, కానీ ఇంగ్లీషులో. తనతో తెలుగులోనే మాట్లాడతానని మాట ఇచ్చాను. లోడ్‌ని ఏమనాలి? "ఎత్తు" అన్నాను. పడీపడీ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఫోన్ పెట్టేద్దామనుకున్నాను.

అప్పుడే వంటగదిలో అమ్మ డబ్బా మూత తీసింది. ఆ చప్పుడుకి నాకు తట్టింది.

"పప్పు ఒకసారి కొంటాం. డబ్బాలో ఉంటుంది. కానీ వండిన ప్రతిసారీ డబ్బాలోంచి తీయాలి కదా? ఇదీ అంతే. 'పీకేజీ లోడ్ సిగ్నల్' అని కొట్టు. ఆక్టేవ్ మూసి మళ్ళీ తెరిస్తే, మళ్ళీ కొట్టాలి."

"గట్ల చెప్పు మరి!" గ్రాఫ్ వచ్చేసింది.

ఇంకోటి కూడా చెప్పాను. 'పీకేజీ లిస్ట్' అని కొడితే మన దగ్గరున్న ప్యాకేజీలన్నీ కనిపిస్తాయి. లోడ్ అయినవాటి పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది.

నా తెలుగు కూడా ఇంతే అనిపించింది. చిన్నప్పటి మాటలు లోపల ఉన్నాయి. నేనే రోజూ తీయట్లేదు.

మీరైతే 'లోడ్'ని తెలుగులో ఏమంటారు? కింద రాయండి. తప్పులుంటే దిద్దండి.