బోర్డు పాతితే సరిపోదు

పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కొడుకులు 1926లో ధర్మసంస్థ పెట్టిన కోయంబత్తూరు పీలమేడు ఇప్పుడు కాలేజీలు, మిల్లులు, విమానాశ్రయంతో కిటకిటలాడే నగర ప్రాంతం. చుట్టుపక్కల పల్లెల్లో చేలు మిగిలిన నాయుళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ, గట్టు మీద ‘లోపలికి రావద్దు’ బోర్డు మాత్రం తమిళంలోనే రాయిస్తారు. వచ్చేవాడికి అర్థం కావాలి కదా!

చెట్టుకు మేకు కొట్టిన రేకు ఎన్నాళ్లుంటుంది? కోయంబత్తూరు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పైపైన పాతిన ఇనప గొట్టం కాస్తా పక్కకి ఒరిగిపోతుంది. లోతుగా గొయ్యి తీసి, అడుగున కంకర దట్టించి, కాంక్రీటులో నిలబెట్టిన రాతి స్తంభమైతే నయం. దొంగకీ పెకలించే ఓపిక ఉండదు.

ఇక చట్టం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద అక్రమ ప్రవేశానికి 3 నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. అయితే నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో వచ్చాడని తేలాలి. ‘తెలీక వచ్చానండీ’ అనే సాకుకు మాత్రం బోర్డు గట్టి జవాబే.

పరాయివాడు 12 ఏళ్లు బాహాటంగా అనుభవిస్తే భూమి మీద హక్కే పోవచ్చు. దాన్ని ఏ బోర్డూ ఆపదు. ఊళ్లో ఉండనివాళ్లు ఏడాదికోసారైనా వెళ్లి సర్వే రాళ్లు చూసుకోండి.