ఏడుగురు వస్తే చాలా?

ముక్త్యాల అని ఫోన్‌లో కొట్టి చూడండి. మూడు రకాల ఫొటోలు వస్తాయి. రాజావారి కోట, భవానీ ముక్తేశ్వరస్వామి గుడి, ఊరి పక్కనే పారే కృష్ణమ్మ. మూడూ చూడదగ్గవే. కానీ మొన్న ఆదివారం నేను పొద్దున్నే ఐదింటికి లేచి ముక్త్యాల వెళ్ళింది వాటి కోసం కాదు. ఫుట్‌బాల్ కోసం. అదీ అమ్మాయిల ఫుట్‌బాల్!

నేను డిగ్రీ చదివింది పేటలో. జగ్గయ్యపేటను మా వైపు అందరూ ముద్దుగా పేట అనే అంటారు. కాలేజీ టీమ్‌లో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడేదాన్ని. ఇప్పుడు విజయవాడలో ఉద్యోగం. కొత్త సీజన్ మొదలయ్యే ముందు, సెలవు దొరికిన ఆదివారం వెళ్ళి జూనియర్లతో కలిసి పరిగెత్తి రావడం అలవాటైపోయింది. ఈసారి పీడీ మేడం ఫోన్ చేసి, "పేటకు కాదమ్మా, నేరుగా ముక్త్యాల వచ్చేయ్. ప్రాక్టీస్ అక్కడే" అన్నారు.

కాలేజీ గ్రౌండ్ ఉండగా ఊరికెందుకు? ఆ సంగతి చెప్పాలంటే ముందు దారి చెప్పాలి.

నల్ల నేల, తెల్ల దుమ్ము

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబర్ జాతీయ రహదారి మీద చిల్లకల్లు దగ్గర దిగితే పేట పక్కనే. పేట నుంచి కృష్ణ వైపు ఓ డజను కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా వెళ్తే ముక్త్యాల. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. కృష్ణా జిల్లా అనగానే అందరూ పచ్చటి వరిచేలు, కాలువలు ఊహించుకుంటారు. అది డెల్టా. మాది మెట్ట. నల్లరేగడి నేల, పత్తి, మిర్చి, మామిడితోటలు, గట్ల వెంబడి సుబాబుల్ చెట్లు. నేల కింద సున్నపురాయి. అది ఉండబట్టే జయంతీపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ సిమెంట్ ఫ్యాక్టరీలు వెలిశాయి. స్కూటీ మీద వెళ్ళేవాళ్ళు చున్నీ ముక్కుకు బిగించి కట్టుకోండి. లారీ ఎదురైతే తెలుస్తుంది ఎందుకు చెప్పానో.

ఇప్పుడు టీమ్ సంగతి. రిజిస్టర్‌లో పదహారు పేర్లున్నాయి. వాళ్ళలో పేటలో ఇల్లున్నవాళ్ళు నలుగురే. మిగతావాళ్ళు ముక్త్యాల, వేదాద్రి, రావిరాల, తిరుమలగిరి, గరికపాడు, ఇలా తలో దిక్కు. కాలేజీ వదిలాక ప్రాక్టీస్ పెడితే ఊరి బస్సు వెళ్ళిపోతుంది. బస్సు పట్టుకుంటే ప్రాక్టీస్ పోతుంది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. మా పిల్లలకు అది నిజంగా పెద్ద ఊరట. నెలకింత అని ఇంట్లో చెయ్యి చాపక్కర్లేదు. కానీ టికెట్ లేకపోయినా టైమ్ మాత్రం టైమే కదా. చీకటి పడ్డాక ఊరి అడ్డరోడ్డులో దిగి ఇంటిదాకా నడవాలంటే ఏ అమ్మయినా, "ఆ ఆటేంటో పగలే ఆడుకోరాదా?" అంటుంది.

అందుకే మేడం ఈ ఏడాది లెక్క తిరగేశారు. అమ్మాయిలు బంతి దగ్గరికి రాలేకపోతే బంతే వాళ్ళ ఊరికి వెళ్తుంది. ఒక ఆదివారం తిరుమలగిరి, ఇంకో ఆదివారం ముక్త్యాల.

పదకొండు కాదు, ఏడు

ఫుట్‌బాల్ రూల్స్‌లో మూడోది ఆటగాళ్ళ సంఖ్య గురించి. ఒక జట్టుకు పదకొండు మంది. అది అందరికీ తెలుసు. అదే రూల్‌లో ఇంకో మాట ఉంది. ఏ జట్టులోనైనా ఏడుగురి కంటే తక్కువ ఉంటే మ్యాచ్ మొదలుపెట్టకూడదు, మధ్యలో తగ్గితే కొనసాగించకూడదు. పెద్ద జట్లకు ఈ వాక్యంతో పనే పడదు. మా టీమ్‌లో మాత్రం చేరిన మొదటి వారమే ఇది నోటికొచ్చేస్తుంది.

నేను ఫైనలియర్‌లో ఉండగా తొమ్మిది మందితో ఒక మ్యాచ్‌కు దిగాం. మిగతావాళ్ళకు ఇంట్లో పర్మిషన్ రాలేదు. సెకండ్ హాఫ్‌లో ఇద్దరికి దెబ్బలు తగిలి బయటికెళ్ళారు. మిగిలింది ఏడుగురం. ఇంకొక్కరు కూర్చుంటే ఆట ఆగిపోతుంది. నాకు పిక్క పట్టేసింది. మిగతావాళ్ళ పరిస్థితీ అంతంతే. అయినా ఎవ్వరూ కూర్చోలేదు. ఓడిపోయాం, అది వేరే విషయం. ఆ రోజు నుంచి మాకు స్కోర్ కంటే హాజరుపట్టీ ముఖ్యం.

సీజన్ అంటే ఏంటో తెలియనివాళ్ళకు చిన్న మాట. మా కాలేజీలన్నీ మచిలీపట్నంలోని కృష్ణా యూనివర్సిటీ కిందకు వస్తాయి. ముందు కాలేజీల మధ్య పోటీలు. అక్కడ బాగా ఆడినవాళ్ళతో యూనివర్సిటీ జట్టు కడతారు. ఆ జట్టు సౌత్ జోన్ పోటీలకు వెళ్తుంది. అంటే మా పిల్లల్లో ఎవరికైనా పైమెట్టు ఎక్కాలంటే ముందు ఆ మొదటి పోటీ గ్రౌండ్‌లో కాలు పెట్టాలి. బందరులో పెడితే పేట నుంచి దాదాపు నూట యాభై కిలోమీటర్లు. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే వ్యవహారం కాదు. రెండు మూడు రాత్రులు బయట ఉండాలి. అసలు పేచీ అంతా ఆ రాత్రుల దగ్గరే.

తొమ్మిది గజాల చీర

ఆదివారం ఆరున్నరకల్లా ఊరి బయట ఖాళీ జాగాలో చేరాం. గోల్‌పోస్టులు అంటే సుబాబుల్ కర్రలే. రెండు పాతి పైన తాడు కట్టారు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పాత లెక్కలో ఎనిమిది గజాలు, ఎనిమిది అడుగులు. కోన్ల బదులు ఇటుకముక్కలు. గీతలు ముగ్గుపిండితో.

మొదటి ఇరవై నిమిషాలు బంతి ముట్టుకోనివ్వలేదు మేడం. ఫిఫా 11 ప్లస్ అని ఒక వార్మప్ ఉంది. మెల్లగా పరుగు, తర్వాత నడుము, తొడలు గట్టిపడే వ్యాయామాలు, ఒంటికాలి మీద నిలబడటం, ఎగిరి మోకాలు వంచి దిగడం, చివర్లో వేగంగా పరుగు. మోకాలి లోపలి లిగమెంట్ తెగడం ఆడపిల్లల్లో ఎక్కువ. దూకి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా చూసుకోవడమే ఈ వ్యాయామాల్లో కీలకం. వీడియోలు ఫోన్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీరు ఏ ఆట ఆడినా వారానికి కనీసం రెండుసార్లు చేసి చూడండి.

ఆ తర్వాత పాసులు, కార్నర్లు, చివర్లో రెండు జట్లుగా ఆట. ముందురోజు చినుకు పడటంతో నల్లమట్టి బూట్లకు అంటుకుని ఒక్కో కాలు రెండు కేజీలైంది. "అక్కా, ఇక్కడ పరిగెత్తితే బందరులో ఎగురుతాం" అంది ఒక పిల్ల.

మా గోల్‌కీపర్‌ది ఈ ఊరే. సెకండియర్. చేతులు చురుకు. కానీ గీత వదిలి ముందుకు రావడానికి భయం. కీపర్ గీత మీదే నిలబడితే కొట్టేవాళ్ళకు గోలంతా ఖాళీగా కనిపిస్తుంది. ఎదురుగా రెండు మూడడుగులు వస్తే రెండు వైపులా సందు చిన్నదైపోతుంది. ఇదే మాట మేడం పదిసార్లు చెప్పి ఉంటారు.

గట్టు మీద కూర్చుని చూస్తున్న ఆ పిల్ల నాయనమ్మ అడిగింది: "ఆ కర్రల మధ్య ఎంత ఉంటదమ్మాయ్?"

"ఎనిమిది గజాలు మామ్మా."

"అంతేనా! నా చీర తొమ్మిది గజాలు. అది కట్టుకునే నాట్లేశా, కలుపు తీశా, మిరపకాయలు కోశా. ఎనిమిది గజాలు కాయలేవంటే?"

అందరం ఒకటే నవ్వు. మనవరాలు మాత్రం నవ్వలేదు. తర్వాతి బంతికి ముందుకు ఉరికింది. అందుకోలేకపోయింది గానీ, ఉరికింది.

చూపించడానికే దారి

తొమ్మిదింటికి ప్రాక్టీస్ అయ్యాక కోట వైపు నడిచాం. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గురించి మా వైపు చిన్నపిల్లలకూ తెలుసు. నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాలని పట్టుబట్టిన మనిషి. 1952లో ఖోస్లా కమిటీ వచ్చినప్పుడు నందికొండకు జీపు వెళ్ళే దారి కూడా లేదట. రాజావారు ఊళ్ళ జనాన్ని కూడగట్టి దారి వేయించి, కమిటీని అక్కడికి తీసుకెళ్ళి చూపించారని చెబుతారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. అదే నాగార్జునసాగర్. ఆ ఎడమ కాలువ నీళ్ళే మా మెట్టకు ఆధారం.

చిన్నప్పటి నుంచి విన్న కథే. కానీ ఆ రోజు కోట ముందు నిలబడి మేడం అన్న మాటతో కొత్తగా వినిపించింది. "కాగితాల మీద ఎన్ని చెప్పినా జరగనిది, కళ్ళతో చూస్తే జరిగింది. మనమూ అదే చేస్తున్నాం. వీళ్ళ నాన్నల్లో ఒక్కరైనా కూతురి ఆట చూశారా? చూడని ఆటకు సంతకం పెట్టమంటే ఎలా పెడతారు?"

ఊళ్ళకు బంతి తీసుకెళ్ళడంలో అసలు ఉద్దేశం అప్పుడు అర్థమైంది. బస్సు టైమ్ ఒక కారణమే. పెద్ద కారణం, ఊరి కళ్ళముందు ఆడటం.

నిజానికి ఈ ఆట మన దేశం ఆడపిల్లలకు కొత్త కాదు. 1980లో కోళికోడ్‌లో, 1983లో బ్యాంకాక్‌లో ఆసియా చాంపియన్‌షిప్‌లలో మనం రన్నరప్. తర్వాత చాలా ఏళ్ళు వెనకబడ్డాం. 2025 జులై 5న థాయ్‌లాండ్‌ను వాళ్ళ గడ్డ మీదే 2–1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించాం. మా పిల్లల ఫోన్లలో వాల్‌పేపర్ నిజామాబాద్ అమ్మాయి గుగులోతు సౌమ్య. 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. 2024–25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ ఆమే. మనలా తెలుగు మాట్లాడే పిల్లే!

అమెరికాలో ఉండే మా కజిన్ చెబుతుంటుంది, అక్కడ ఆగస్టు వస్తే కాలేజీ అమ్మాయిల సాకర్ పెద్ద పండగని. చదువుల్లో ఆడామగా తేడా చూపకూడదని 1972లో చట్టం వచ్చింది, 1982లో ఎన్‌సీఏఏ మొదటి మహిళా సాకర్ చాంపియన్‌షిప్ జరిగింది. ఇప్పుడు పై డివిజన్‌లోనే మూడొందలకు పైగా కాలేజీ జట్లున్నాయి. వాళ్ళ కాళ్ళు మన కాళ్ళ కంటే వేరే ఏమీ కాదు. ముందు దారి పడింది, అంతే.

ఏటి ఒడ్డున

కోట చూశాక గుడికి, అక్కడి నుంచి ఏటి ఒడ్డుకు వెళ్ళాం. ఎదురుగా కనిపించేది పల్నాడు జిల్లా మాదిపాడు. మీరు వస్తే దగ్గర్లోని వేదాద్రి నరసింహస్వామిని కూడా చూసి వెళ్ళండి. నీళ్ళలోకి మాత్రం దిగొద్దు. ఎగువన పులిచింతల ఉంది, 45.77 టీఎంసీల ప్రాజెక్టు. అక్కడ గేట్లెత్తితే ఇక్కడ మట్టం పెరుగుతుంది. 2021 ఆగస్టు 5న ఆ ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయిన సంగతి ఏటిగట్టు ఊళ్ళవాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. అడుగున గుంటలు ఎక్కడుంటాయో పైకి తెలియదు. ఒడ్డునే కూర్చుని పులిహోర తినండి, మేం అదే చేశాం.

అక్కడే మా గోల్‌కీపర్ వాళ్ళ నాన్న టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చారు. పొద్దున కూడా వచ్చారట. జాగా చివర బండి దిగకుండానే ఆటంతా చూశారట. మిర్చి నాటే రోజులు. కూతురు మూడు రోజులు లేకపోతే ఒక మనిషి కూలి తక్కువ. ఆ మాట ఆయన అనలేదు. అడిగింది వేరే.

"రాత్రిపూట ఎక్కడ పడుకుంటారు మేడం? తలుపుకు గడియ ఉంటదా?"

మేడం అన్నీ చెప్పారు. తనూ వాళ్ళతోనే అదే గదిలో ఉంటానన్నారు. ఫోన్ నంబర్ రాసిచ్చారు. ఆయన కాసేపు ఏటి వైపు చూసి, ఇంకో ప్రశ్న వేశారు.

"అందరూ కాలితో కొడతన్నారు. మా పిల్ల ఒక్కతే చేత్తో పట్టుకుంటది. ఆ ముగ్గు పెట్టె లోపలైతేనే పట్టుకోవాలా?"

కూతురు తల తిప్పి నాన్న వైపు చూసింది. రూల్ తనే చెప్పింది. పెట్టె లోపలైతే చేత్తో పట్టుకోవచ్చు, గీత దాటితే తనూ కాలితోనే ఆడాలి. సొంత జట్టువాళ్ళు కావాలని కాలితో వెనక్కిచ్చిన బంతిని లోపలైనా చేత్తో తీసుకోకూడదు. ఆయన తలూపుతూ విన్నారు. ఆ ఇద్దరూ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకోవడం అదే మొదటిసారని తర్వాత ఆ పిల్లే చెప్పింది.

"బుధవారం చెబుతా మేడం" అని బండి తీశారు.

సంతకం పెడతారో లేదో నేను చెప్పలేను. మిర్చి నాట్లు నిజం, గడియ గురించి భయం నిజం. అవి మాటలతో పోయేవి కావు. కానీ పొద్దున చూసిన మనిషి మధ్యాహ్నం రూల్ అడిగాడంటే, దారిలో కొంత మట్టి పడ్డట్టే.

విజయవాడ బస్సు ఎక్కాక టీమ్ గ్రూప్‌లో మేడం మెసేజ్ వచ్చింది: "ఇప్పటికి సంతకాలు తొమ్మిది. ఏడు దాటాం. వచ్చే ఆదివారం తిరుమలగిరి. బూట్లు కడుక్కుని రండి."