పెట్టని కోట

తెలుగు పేపర్లో ఎన్నికలొస్తే 'కంచుకోట', కన్నడ పేపర్లో 'భద్రకోటె'. కన్నడ మీడియంలో చదివాను కాబట్టి నాకు ముందు తెలిసింది రెండోదే.

పుస్తకాల్లో రెండు మాటలున్నాయి. అభేద్యం అంటే ఛేదించడానికే వీల్లేనిది. దుర్భేద్యం అంటే ఛేదించడం కష్టమైనది. ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే నా ఓటు దుర్భేద్యానికే! మా బళ్ళో చెప్పిన చిత్రదుర్గ కథా అదే. ఏడు సుత్తుల కోట. అయినా హైదర్ అలీ సైనికులు ఒక సన్నటి కంతలోంచి దూరబోయారట, ఒనకె ఓబవ్వ రోకలితో అడ్డుకుందట. చివరికి 1779లో కోట హైదర్ చేతికే చిక్కింది.

మా అమ్మది ఇంకో మాట, 'పెట్టని కోట'. కొండలాగా, ఏరులాగా, ఎవరూ కట్టకుండానే మనల్ని కాసేది. మా అపార్ట్‌మెంట్లో పక్కింటివాళ్ళు కన్నడవాళ్ళు. ఒక రాత్రి నాన్నకి ఆయాసం వస్తే, నేను ఆఫీసు నుంచి వచ్చేలోపే వాళ్ళు ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

"వీళ్ళు మనకి పెట్టని కోటరా. కన్నడంలో ఎలా చెప్పాలి?" అంది అమ్మ.

అలాంటి నానుడి నాకు తట్టలేదు. 'కట్టద కోటె' అని చెప్పిచ్చాను. అమ్మ వెళ్ళి అలాగే అంది. పక్కింటావిడకి అర్థమైంది.