తీరం దాటని తుపాను

యాదగిరిగుట్టలో పాతగుట్టకు వెళ్లే దారిలో ఒక మేడమీది గది. కింద కిరాణా కొట్టు, పైన హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఆ ఇంటి కుర్రాడు. దసరా సెలవులకు వస్తూ గురుగ్రహాన్ని కూడా ల్యాప్‌టాప్‌లో వెంటబెట్టుకొచ్చాడు. నేను వెళ్లింది దాన్ని చూడ్డానికే.

తెర మీద లేత పసుపు, గోధుమ రంగు పట్టీలు. ఒకటి తూర్పుకు, పక్కది పడమరకు పరుగు. రెంటి నడుమ నలిగిపోకుండా తిరుగుతున్న ఎర్ర మచ్చ. కనీసం 1831 నుంచి టెలిస్కోపుల్లో కనబడుతున్న సుడి అది, ఇప్పటికీ భూమి వ్యాసం కంటే పొడవు. కుర్రాడి దగ్గర మాత్రం అదంతా గళ్లు. గడిగడికీ గాలి వేగం, దిశ, పొర మందం. చుట్టుపక్కల గళ్లను చూసుకుని ప్రతి గడీ తన తర్వాతి అంకె లెక్కగట్టుకుంటుంది.

"అది తీరం ఎప్పుడు దాటుతది బిడ్డా?" చాయ్ తెచ్చిన అమ్మమ్మ అడిగింది.

"దానికి తీరమే లేదమ్మమ్మా. కింద నేల కూడా లేదు."

అసలు సంగతి అదే. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటాక, నేల రాపిడి ఒకవైపు, సముద్రపు తేమ అందకపోవడం మరోవైపు, రెండు రోజుల్లో నీరసపడింది. గురుడి మీద ఆ బెడద లేదు. పైగా మన తుపానులా ఇది అల్పపీడనమూ కాదు, నడుమ ఉన్నది అధికపీడనం.

తిండి మాత్రం కావాలి. చూస్తుండగానే చిన్న సుడి ఒకటి కొట్టుకొచ్చి మచ్చ అంచుకు తగిలింది, దారంలా సాగి లోపలికి చుట్టుకుపోయింది. అమెరికాలో కాలెబ్ కీవెనీ, టిమొతీ డౌలింగ్ బృందం 2024లో ప్రచురించిన లెక్కల్లోనూ ఇలా చిన్నవి వచ్చి కలిస్తే మచ్చ పెరిగింది. 1879లో సుమారు 39,000 కిలోమీటర్లున్న మచ్చ నేడు సగానికి తక్కువైంది. మేత తగ్గడమే కారణం కావచ్చని వాళ్ల అనుమానం.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇవేవీ కాదు, జిగట. గళ్లకు చిక్కనంత చిన్న కదలికల కోసం మోడల్‌లో కృత్రిమంగా కలిపే అంకె అది. కుర్రాడు దాన్ని పెంచాడు. మచ్చ అంచులు అలుక్కుపోయి, కాసేపటికి ఆనవాలు లేకుండా పోయింది. బాగా తగ్గించాడు. తెరంతా గీతలు గీతలుగా చెత్త పుట్టి లెక్క ఆగిపోయింది. మచ్చ ఆయుష్షు మీద వచ్చే ఏ ఫలితాన్నయినా, ఆ అంకె ఎంత పెట్టారో కనుక్కున్నాకే నమ్ముతాను.

"మరి లోతు?" అన్నాను.

"నాది ఒకటే పొర సార్. జూనో నౌక కొలిస్తే మచ్చ లోతు 500 కిలోమీటర్ల లోపని తేలింది. పొరలు పెంచాలంటే ఈ డబ్బా చాలదు. యూనివర్సిటీ మెషీన్‌లో క్యూలో పెట్టిన, సోమవారం దాకా మన వంతు రాదు."